నేలను బట్టి శిస్తు: సర్ థామస్ మన్రో జీవితం

రాయచూరు నుండి సిరవారకు పోయే దారిలో ఉన్న కల్లూరు పేరులోని కల్లు కన్నడపు కల్లు, అనగా రాయి. తెలుగువారు తాగే కల్లు కాదు. ఈ సీమ అంతటా గుట్టల వాలున ఎర్రటి మసారి, పల్లానికి దిగేకొద్దీ నల్లటి ఎరె కనిపిస్తాయి. తుంగభద్రకు ఆవలి తెలుగు పల్లెల్లో వాటినే ఎర్రనేల, రేగడి అంటారు. పొలం కొనేవారైనా, కౌలుకు పట్టేవారైనా, పిల్లనిచ్చేవారైనా ఎన్ని ఎకరాలని అడగక మునుపే ఏ నేల అని అడగడం మన పల్లెలకు కొత్త కాదు. ఈ ప్రశ్ననే తన కొలువుకు పునాదిగా చేసుకొని, ఊరూరా, పొలంపొలానా అడిగించి, వచ్చిన జవాబును దస్తరాలకు ఎక్కించిన అధికారి సర్ థామస్ మన్రో. దత్తమండలాల వృద్ధులకు ఆయన మన్రో దొర. కొందరు మాండవ ఋషి అని కూడా పిలుచుకున్నారు. పుట్టిన మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు కూడా ఆ సీమలో ఉండేవి.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో సరకుల వ్యాపారం చేసిన వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆ వ్యాపారాన్ని కూల్చివేసింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివిన కుమారుడు బతుకుతెరువు కోసం ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్టుగా చేరి, 1780 జనవరిలో మద్రాసులో అడుగుపెట్టాడు. అదే ఏట హైదర్ అలీతో యుద్ధం మొదలైంది. ఆ తరువాతి పన్నెండేళ్లు ఆయన జీవితం దండయాత్రలలోనూ, శిబిరాలలోనూ, పారసీ హిందుస్తానీ భాషల అభ్యాసంలోనూ గడిచింది.

ఆయన నేల వైపు తిరిగింది 1792లో. టిప్పు సుల్తానుతో జరిగిన సంధి వలన బారామహల్ కంపెనీ వశమైంది. నేటి తమిళనాడులోని ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతమే అది. దాని పాలనకు నియమితుడైన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ తనకు సహాయకులుగా కొందరు సైనికాధికారులను ఎంచుకున్నాడు. వారిలో మన్రో ఒకడు. దేశభాషలు రాని సివిల్ ఉద్యోగుల కంటే, భాష వచ్చి ఊళ్లు తిరగగల సైనికులే నయమని ఆనాటి గవర్నరు జనరల్ కారన్‌వాలిస్ తలచడమే ఈ నియామకానికి కారణం. బారామహల్‌లో మన్రో ఏడేళ్లున్నాడు. ఒకే ఊరిలో, ఒకే చెరువు కింద, పక్కపక్కనే ఉన్న రెండు చేల దిగుబడి ఎంత తేడాగా ఉంటుందో, ఊరి మీద మొత్తంగా ఒక పన్ను వేస్తే ఆ తేడా ఎవరి నెత్తిన పడుతుందో ఆయన నేర్చుకున్నది అక్కడే. 1799లో టిప్పు మరణానంతరం ఆయనను కెనరా కోస్తాకు పంపారు. ఆ వానల సీమ ఆయనకు నచ్చలేదు. పదహారు నెలలు తిరగకుండానే తూర్పునకు వచ్చేశాడు.

1800 అక్టోబరులో నిజాముకు, కంపెనీకి మధ్య ఒడంబడిక కుదిరింది. మైసూరు యుద్ధాలలో తన వాటాకు వచ్చిన ప్రాంతాలను కంపెనీ సైన్యపు ఖర్చు కింద నిజాము వదులుకున్నాడు. నది ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ వంటివి తనవద్దే ఉంచుకొని, వాటికి బదులుగా ఆదోనిని ఇచ్చాడు. తుంగభద్రే స్పష్టమైన సరిహద్దు కావాలన్నది ఉద్దేశం. ఆ విధంగా బళ్లారి, ఆదోని, గుత్తి, అనంతపురం, కడప సీమలు కంపెనీకి పోయి దత్తమండలాలయ్యాయి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది, కల్లూరుతో సహా, నిజాము ఏలుబడిలోనే నిలిచింది. మన సరిహద్దు కుటుంబాలలో వియ్యంకుల కాగితాలు రెండు రకాలుగా ఉండటానికి మూలం ఆనాటి గీతే.

దత్తమండలాలకు ముఖ్య కలెక్టరుగా మన్రో వచ్చినప్పుడు అక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు కోటలు కట్టుకొని ఉన్నారు. వారిని అణచడంలో ఆయన కఠినంగానే వ్యవహరించాడు. వారసత్వపు హక్కులను, మాన్యాలను తొలగించి కొందరికి పింఛన్లిచ్చి, కొందరిని బంధించి పంపాడు. ఋషి అని పిలిచిన నోళ్ల పక్కనే శపించిన నోళ్లు కూడా ఉండి ఉంటాయని మరువరాదు. ఆయన కంపెనీ నౌకరు, కంపెనీకి కావలసింది రాబడి. అయితే ఆ రాబడిని మధ్యవర్తుల చేతుల మీదుగా కాక, రైతు పేరున, రైతు దున్నే పొలాన్ని బట్టి తీసుకోవాలని ఆయన పట్టుబట్టాడు. దానికి మొదట పొలమెంతో, అది ఎటువంటి నేలో తెలియాలి.

సర్వే 1802లో మొదలైంది. కొలతదార్లు 33 అడుగుల గొలుసుతో ఊరూరా తిరిగారు. 33 అడుగుల చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. కర్ణాటకలోనూ తెలంగాణలోనూ పహాణీలలో మనం చూస్తున్న ఎకరాలు, గుంటలు ఆ లెక్కవే. కొలిచిన ప్రతి పొలానికీ ఒక నంబరు పడింది. వారి వెనుక తరాలు కట్టేవారు వచ్చారు. తరం అంటే నేల మేలిమిని బట్టి వేసే మెట్టు. ఊరి రెడ్డి, కరణం, పెద్ద రైతులు దగ్గరుండగా, భూమిని మెట్ట, తరి, తోట అని విడదీసి, ఒక్కొక్కదానిలో మళ్లీ తరాలు నిర్ణయించారు. ఆనాడు మట్టిని పరీక్షించే ప్రయోగశాల లేదు. పరీక్షలన్నీ రైతు చేతిలో, రైతు మాటలోనే ఉన్నాయి. పిడికిట పట్టి నలిపితే ఎలా ఉంది, వాన పడ్డ ఎన్నాళ్లకు అరక సాగుతుంది, గడ్డపార ఎంత లోతుకు దిగితే రాయి తగులుతుంది, ఏ గడ్డి మొలుస్తుంది, ఇవే కొలతలు.

ఆ రైతులు చెప్పిన తేడాలకు కారణాలు నేడు మనకు బాగా తెలుసు. నల్లరేగడిలో సగానికి సగం సన్నని బంకమన్నే ఉంటుంది. ఆ బంక నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుదించుకొని నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో రేగడి చేనిలో మేక కాలు ఇరుక్కునేంత నెర్రెలు పడటం కల్లూరు వారికి చెప్పనక్కరలేదు. పైమట్టి పొడి ఆ నెర్రెలలోకి జారుతుంది, వానకు మళ్లీ ఉబ్బుతుంది. అలా నేల తనను తానే దున్నుకుంటుంది. అందుకే పాతకాలంలో రేగడిని ఏటేటా లోతుగా దున్నేవారు కాదు. గుంటక తోలి విత్తేవారు. గరిక పట్టినప్పుడు మాత్రం, కొన్నేళ్లకొకసారి, అనేక జతల ఎద్దులు కట్టిన పెద్ద నాగలితో వేళ్లు పెళ్లగించేవారు. లోతైన రేగడి కొన్నిచోట్ల 200 మిల్లీమీటర్ల వానకు సమానమైన నీటిని వేళ్లకు అందేలా దాచగలదు. భాద్రపద ఆశ్వయుజాల వాన ఆ నేలలోకి ఇంకితే చాలు, హింగారు జొన్న ఆపై చినుకు లేకపోయినా చలికి, మంచుకు పెరిగి కంకి వేస్తుంది. పత్తి, శనగ, కుసుమ, ధనియాలు కూడా ఆ తడి మీదనే పండుతాయి.

రేగడి నల్లగా ఉన్నది కనుక ఎరువు దండిగా ఉన్నదని పలువురు అనుకుంటారు. అది నిజం కాదు. ఆ నలుపు సేంద్రియ పదార్థపు సమృద్ధి వలన వచ్చినది కాదు. ఈ నేలలో సున్నం, మెగ్నీషియం, పొటాషు తగినంత ఉన్నా, నత్రజని, భాస్వరం తక్కువ. దాని బలమంతా నీటిని పట్టి ఉంచడంలోనే ఉంది. శాస్త్రగ్రంథాలలో ఈ నేలకు రెగర్ అనే పేరు స్థిరపడింది. అది మన తెలుగు రేగడి నుండి పోయిన మాటే.

ఎర్రనేల తీరు వేరు. గ్రానైటు, నైసు రాళ్లు శిథిలమై ఏర్పడిన ఈ మట్టికి ఎరుపు ఇనుము తుప్పు వలన వచ్చింది. బంక తక్కువ, ఉన్న బంక కూడా ఉబ్బని జాతిది. నీరు త్వరగా ఇంకుతుంది, త్వరగా జారిపోతుంది. రేగడి దాచే నీటిలో సగం కూడా పలుచని మసారి దాచలేదు. కాని చిన్న వానకే పదునెక్కుతుంది, మరునాడే అరక కట్టవచ్చు. కనుక అది ముంగారు నేల. కొర్ర, సజ్జ, కంది, ఆముదం, ఉలవ అందులో పండుతాయి. వేరుశనగ ఈ సీమలో విస్తరించింది మన్రో కాలానికి చాలా తరువాత. రెండు వారాలు వాన ముఖం చాటేస్తే మసారి పైరు వాలిపోతుంది. దీనికి బలం మంద కట్టడం, చెరువు మట్టి తోలడం. చెరువు మట్టితో వచ్చే బంకే ఎర్రనేలకు నీటిని పట్టే గుణాన్నిస్తుంది. ఈ పని పుస్తకాలు చదవని రైతులు తరతరాలుగా చేస్తున్నారు.

ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే సీమలో ఈ తేడా చిన్నది కాదు. ఒక ఏడు ముంగారు కురిసి హింగారు తప్పితే మసారి రైతు గట్టెక్కుతాడు, రేగడి రైతు మునుగుతాడు. మరొక ఏడు తారుమారు. ఇద్దరికీ శిస్తు మాత్రం నగదుగా, ఏటా కట్టవలసినదే. తరం ఒక మెట్టు ఎక్కువ పడిన పొలం రెండు చెడ్డ కార్లకే బీడవుతుంది. పొలం బీడైతే రైతు కుటుంబం ఎద్దులను తోలుకొని నది దాటి మరో ఏలుబడిలోకి పోవడం ఆనాడు సాధారణం. మంచి నేల ఎక్కడున్నా దున్నేవాడు దొరుకుతాడు. రాళ్ల మసారి, పలుచని గరపనేల మాత్రం పన్ను కాస్త ఎక్కువైతే చాలు, వదిలివేయబడతాయి. శిస్తు తప్పుగా వేస్తే మొదట పోయేది బీదనేల, దానితో పాటు దానినే నమ్ముకున్న బీదరైతు.

మన్రో దీనిని కలెక్టరుగా ఉన్న ఏడేళ్లలో కళ్లారా చూశాడు. సంవత్సరంలో ఎక్కువ నెలలు గుడారాలలోనే గడిపాడు. జమాబందీ కాలంలో రైతులు ఆయన గుడారం ముందు కూర్చుని తమ పొలాల సంగతి నేరుగా చెప్పుకునేవారు. తన సర్వేలో నిలిచిన శిస్తు నిజానికి పంటలో సుమారు నూటికి 45 వంతులకు సమానమవుతున్నదని ఆయనే లెక్కగట్టాడు. 1807 ఆగస్టులో, ఉద్యోగం వదిలి స్వదేశానికి వెళ్లబోయే ముందు, రెవెన్యూ బోర్డుకు తన చివరి పెద్ద నివేదిక పంపాడు. సర్వే శిస్తును అన్ని భూముల మీద నూటికి 25 చొప్పున తగ్గించాలని, బావుల నుండి గాని, వాగుల నుండి ఎత్తిపోసి గాని తడిపే భూములకు మరో 8 కలిపి 33 తగ్గించాలని కోరాడు. అప్పుడు ప్రభుత్వ వాటా పంటలో మూడో వంతుకు దిగుతుంది. రైతు ఏడాది చివర కోరిన పొలం వదులుకోవచ్చు, కొత్తది తీసుకోవచ్చు. సొంత ఖర్చుతో బావి తవ్వినా, చెట్లు నాటినా, నేలను బాగుచేసినా అందుకు అదనపు శిస్తు వేయరాదు. ఆ మేరకు రాబడి తగ్గినా బీళ్లు సాగులోకి వచ్చి లోటు తీరుతుందని ఆయన వాదం.

నా దృష్టిలో మన్రో జీవితంలో కోటలు పట్టిన ఘట్టాలన్నిటి కంటే ఈ ఒక్క నివేదిక గొప్పది. తన చేతి మీదుగా వేసిన పన్నే అధికమని పై అధికారులకు కాగితం మీద రాసి పంపిన కలెక్టర్లు ఆనాడు అరుదు, నేడూ అరుదే.

నివేదికను బోర్డు మన్నించలేదు. మన్రో ఓడ ఎక్కాడు. ఆయన వెళ్లిన మరుసటి ఏడే పొలంవారీ లెక్కను పక్కనబెట్టి, ఊరికి ఊరే గుత్తకిచ్చే పద్ధతి ప్రవేశపెట్టారు. మొదట మూడేళ్ల గుత్త, ఆపైన పదేళ్ల గుత్త. గుత్తదారుకు నేలతో పని లేదు, తాను పాడిన మొత్తం రాబట్టుకోవడమే పని. రేగడి దున్నినవాడూ, మసారి దున్నినవాడూ ఒకే తీరున నలిగారు. పంటలు పోయిన ఏళ్లలో గుత్తదార్లు సైతం దివాలా తీశారు. సాగు తగ్గింది, బీళ్లు పెరిగాయి.

ఇంగ్లండులో మన్రో ఊరకుండలేదు. 1813లో కంపెనీ పట్టా పునరుద్ధరణ సందర్భంగా పార్లమెంటు దిగువసభ ఆయన సాక్ష్యం తీసుకున్నది. 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను వివాహమాడి, న్యాయవ్యవస్థ సంస్కరణల కమిషన్ బాధ్యతతో అదే ఏడు మద్రాసుకు తిరిగి వచ్చాడు. 1817-18 మరాఠా యుద్ధంలో ధారవాడ, బాదామి, బెళగావి సీమలను స్వల్ప సైన్యంతో స్వాధీనం చేసుకున్నాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరయ్యాడు. బోర్డు కాదన్న తగ్గింపు ఆయన గవర్నరుగిరీలోనే దత్తమండలాల్లో అమలైంది. గుత్తలు పోయి రైత్వారీ తిరిగి వచ్చింది. ఊళ్లలో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క తీయించినది కూడా 1822లో ఆయనే.

నదికి ఈవల మన అంతర్వేదిలో ఆ తగ్గింపు రాలేదు. నిజాము రాజ్యంలో తాలూకాలు గుత్తదార్ల చేతుల్లోనే చాలాకాలం నలిగాయి. 1853 నుండి 1860 వరకు రాయచూరు అంతర్వేది కంపెనీ, ఆపై బ్రిటిషు రాణి ప్రభుత్వపు అధీనంలో ఉండి తిరిగి నిజాముకు చేరింది. సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ చేసిన తరువాతనే పొలంవారీ సర్వేకు దారి పడింది. ఆ సర్వే బొంబాయి పద్ధతిని అనుసరించింది. 1835లో గోల్డ్‌స్మిడ్, వింగేట్ అనే అధికారులు రూపొందించిన ఆ పద్ధతి మన్రో తరాలకంటే సూక్ష్మమైనది. మట్టి రంగు, మెత్తదనం చూసి, మూరల్లో లోతు కొలిచి, సుద్దగడ్డలు, ఇసుక, వాలు, నీరు నిలవడం వంటి లోపాలకు కోత వేసి, పదహారణాల నేల నుండి అణాల లెక్కన కిందికి దిగుతుంది. మూరెడు ముప్పావు లోతున్న మేలైన మట్టి పదహారణాలు. ఒకే నల్లరేగడి అయినా కింద రాయి మూరెడుకే తగిలితే దాని వెల పడిపోతుంది. లోతు తక్కువైతే నీటి నిల్వ తక్కువ, నీరు తక్కువైతే జొన్న మాఘం దాకా నిలవదు.

ఆ లెక్కలన్నీ వానను నమ్ముకున్న నేలకు వేసినవి. తుంగభద్ర నీరు 1953లో కాలువలకు వచ్చిన తరువాత లెక్క మారింది. నల్లరేగడిని కాలువ కిందికి తెస్తే ఏమవుతుందో పరిశీలించడానికే 1937లో సిరుగుప్పలో పరిశోధనా క్షేత్రం నెలకొల్పారు. ఎడమ కాలువ కింద మాన్వి, సింధనూరు సీమలకు కోస్తా తెలుగు కుటుంబాలు తరలివచ్చి, క్యాంపులు కట్టుకొని వరి వేశాయి. వానకాలపు తడిని దాచి జొన్నను బతికించిన బంకమన్నే నిలువనీటిని కిందికి పోనివ్వక, లోపలి ఉప్పును పైకి తెచ్చి, పల్లపు మళ్లను చవుడు చేసింది. మురుగు కాలువ లేని చోట పదహారణాల నేల చవుడు బారడం ఈ తరం కళ్లముందే జరిగింది. ఎరె నేలలో చవుడు కనబడితే మొదట మురుగు తీసి, పరీక్ష చేయించి, అవసరమైనంత జిప్సం వేయడమే తెలిసిన దారి.

మన్రో గవర్నరు పదవికి రాజీనామా పంపి చాలాకాలమైనా, బర్మా యుద్ధం వలన ఆగిపోయాడు. 1825లో ఆయనకు బారొనెట్ బిరుదు లభించింది. 1827 మేలో, స్వదేశానికి పోయేముందు, తాను ఏడేళ్లు తిరిగిన దత్తమండలాలను కడసారి చూసేందుకు బయలుదేరాడు. అది కలరా ప్రబలిన కాలం. జూలై 4న గుత్తి చేరేసరికి పరివారంలో కొందరు పడిపోయారు. 6న పత్తికొండలో విడిది చేశారు. ఆ ఉదయం బాగానే ఉన్న మన్రోకు పగలే వ్యాధి సోకి, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతాన ప్రాణం పోయింది. వయస్సు 66 ఏళ్లు. ఆ రాత్రే దేహాన్ని గుత్తికి తరలించి మరునాడు కోట కింద ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు.

మంత్రాలయంలో మఠపు మాన్యాన్ని విచారించేందుకు వెళ్లిన మన్రోకు బృందావనం నుండి రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చి మాట్లాడారని, ఆపైన మాన్యం నిలిచిందని ఐతిహ్యం. రాయచూరు వైపు నుండి నది దాటి వెళ్లే భక్తులు ఈ కథను నేటికీ చెప్పుకుంటారు. మద్రాసులో మౌంట్ రోడ్డున 1839లో ప్రతిష్ఠించిన ఆయన అశ్వవిగ్రహాన్ని చెక్కినది శిల్పి చాంట్రీ. ఆ గుర్రానికి జీను లేదు, అంకెనలు లేవు. పత్తికొండలో ఆయన మరణించిన చోట ప్రభుత్వం చింతతోపు వేయించి, మెట్లబావి కట్టించింది. గుత్తిలో ఆయన పేర ఒక సత్రం వెలిసింది.